తాళం వేసిన ఇళ్ల జాబితా సరే, మనుషులున్న ఇళ్ల జాబితా ఏదీ?

హైదరాబాద్ నగరంలోని కాలనీ సంక్షేమ సంఘాల, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కమిటీ సభ్యులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గరపడుతోంది. ఈపాటికి ముగ్గుల పోటీకి పేర్లు వచ్చి ఉంటాయి. భోగిమంట ఎక్కడ వేయాలి, మైకు ఎవరు తెస్తారు, బహుమతులు ఎవరిస్తారు అన్నవి మాట్లాడుకుంటూ ఉంటారు. ఊరెళ్లేవాళ్లు ముందుగా స్టేషన్‌లో చెప్పి వెళ్లమని పోలీసులు ఏటా అడుగుతారు కాబట్టి, తాళం వేసే ఇళ్ల వివరాలు కొన్ని సంఘాలు ముందే రాసి పెట్టుకుంటున్నాయి. చాలా మంచి పని. దానికి తోడుగా ఇంకో జాబితా రాయమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ నాలుగు రోజులూ తాళం పడని ఇళ్లు ఏవి, వాటిలో ఎవరు ఉంటారు, వాళ్లకి ఏం అవసరం పడొచ్చు అన్న జాబితా.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. మల్కాజిగిరి వైపు ఒక కాలనీలో ఉంటున్నాను. క్యాజువాలిటీలో పండగ డ్యూటీలు చాలా చేశాను. జబ్బు చేసిన నష్టం కన్నా, సమయానికి పక్కన మనిషి లేకపోవడం చేసిన నష్టం ఎక్కువగా కనిపించేది ఆ రోజుల్లోనే. రాత్రి బాత్రూమ్‌లో జారిపడిన పెద్దావిడని పొద్దున పాలవాడు చూసి చెబితే తీసుకొస్తారు. ఎముక విరగడం ఒక ఎత్తు, రాత్రంతా చలినేల మీద పడి ఉండటం ఇంకో ఎత్తు.

భోగికి ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరిన కార్లని టీవీల్లో చూపిస్తారు. నగరం ఖాళీ అయిపోయిందంటారు. నిజంగా ఖాళీ అయితే ఏ బాధా లేదు. వెళ్లలేనివాళ్లు ఇక్కడే ఉంటారు, వాళ్లకి రోజూ తోడుండేవాళ్లు మాత్రం వెళ్లిపోతారు. పక్కింటివాళ్లు, పనమ్మాయి, మెడికల్ షాపు కుర్రాడు, ఆటో అతను, మోటారు బాగుచేసే ఎలక్ట్రీషియన్, కర్రీ పాయింట్ ఆవిడ, అందరూ ఒకేసారి ఊళ్లకి పోతారు. వెళ్లడం వాళ్ల హక్కు. ఏడాదంతా మన ఇళ్లలో పనిచేసినవాళ్లు పండక్కి వాళ్ల అమ్మ దగ్గర ఉండాలి. (పండగ సెలవుకి పనమ్మాయి జీతం కోసేవాళ్లు మన కాలనీల్లో ఇంకా ఉన్నారు. దయచేసి అది మానిపించండి.)

ఉండిపోయేది ఎవరు? ముందుగా గుర్తొచ్చేది పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్లు. అమెరికాలో సంక్రాంతికి సెలవు ఉండదు కదా. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు మన రాత్రి వీడియో కాల్ చేస్తాడు, "అన్నీ బాగున్నాయా అమ్మా" అంటాడు, ఆమె అన్నీ బాగున్నాయనే చెబుతుంది. తరువాత వాచ్‌మన్ కుటుంబాలు. కట్టుబడి సైట్లలో రేకుల షెడ్లలో ఉండే ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్ కూలీలు. అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో పరీక్షలకి చదువుకుంటూ, ఛార్జీలకి డబ్బుల్లేకో, ఉద్యోగం రాకుండా ఊళ్లో ముఖం ఎలా చూపించాలన్న బెంగతోనో ఉండిపోయే పిల్లలు. డయాలసిస్ ఉన్నవాళ్లు. డ్యూటీ ఉన్న నర్సులు, 108 సిబ్బంది, బస్సు డ్రైవర్లు, కరెంటు లైన్‌మన్లు, వాళ్ల ఇళ్లలో ఒంటరిగా ఉండే పిల్లలు.

ఇంకొకరున్నారు. ఆ ఏడాదిలో ఇంట్లో మనిషి పోయినవాళ్లు. వాళ్లకి ఆ ఏడు పండగ లేదు. వాళ్లు ఎక్కడికీ వెళ్లరు, వాళ్లింటికి ఎవరూ రారు. వాకిట్లో ముగ్గుండదు, కాబట్టి ఆ ఇంటి ముందు ఎవరూ ఆగరు. భర్త పోయిన ఆవిడైతే మరీ అన్యాయం. బొమ్మల కొలువు పేరంటానికి పిలవకూడదంటారు, ఎలాగూ పిలవం కదా అని తలుపు కూడా తట్టరు. ఆచారం గురించి మీతో వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నా అభిప్రాయం మాత్రం దాచుకోను: పిలవండి. చంటిపిల్లలకి భోగిపళ్లు పోసేటప్పుడు ఆ పెద్దచేతులతో కూడా నాలుగు రేగుపళ్లు పోయించండి. ఎనభై ఏళ్లు బతికి, నలుగురిని పెంచిన చెయ్యి కన్నా మంచి దీవెన ఎక్కడుంటుంది? మీ సంఘం తరఫున మైకులో "అందరూ రండి" అని చెబితే చాలదు. ఆ ఇంటికి ఒకరు వెళ్లి, కూర్చుని, పిలిచి, చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.

ఇక నాకు బాగా తెలిసిన విషయం, ఆరోగ్యం. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకి సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు పడుతుంది. పండగకి సెంటర్ టైములు మారితే, లేదా తీసుకెళ్లే మనిషి దొరక్కపోతే, ఒకటి తప్పుతుంది. ఒకటే కదా అనుకుంటారు. ఆ గ్యాప్‌లో ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. పైగా పండగ వంటలు. చక్రాల్లో, చేగోడీల్లో ఉప్పు, ఆ ఉప్పుకి దాహం, ఆ దాహానికి నీళ్లు. భోగి రోజు బాగానే ఉన్న మనిషి కనుమ రాత్రికి పడుకుంటే ఊపిరాడటం లేదని లేచి కూర్చుంటాడు. కాబట్టి మీ జాబితాలో డయాలసిస్ ఉన్నవాళ్లెవరో, వాళ్ల పండగ వారం టైము ఏదో, ఆ రోజు తీసుకెళ్లేదెవరో ముందే రాసి ఉండాలి. ఆటో దొరక్కపోతే కారున్న ఒకరు సిద్ధంగా ఉండాలి. ఇదొక్కటి చేసినా ఈ ఉత్తరం రాసినందుకు నాకు ఫలితం దక్కినట్టే.

మందులది ఇంకో కథ. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, ఇన్సులిన్, ఫిట్స్ మందులు, రక్తం పల్చబడే మందులు రోజు తప్పకూడదు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే మళ్లీ ఫిట్స్ వస్తాయి. పండగకి వారం ముందే "మీ మందులు కనుమ దాటి ఇంకో వారానికి సరిపడా ఉన్నాయా" అని అడగడానికి డాక్టరు అక్కర్లేదు, ఇంటర్ చదివే పిల్ల చాలు. మీ చుట్టుపక్కల మెడికల్ షాపుల యజమానులతో కూడా మాట్లాడండి. అందరూ ఒకే రోజు షట్టర్ దించకుండా, ఏ పూట ఎవరు తెరుస్తారో వంతులు వేసుకోమనండి. వాళ్లూ మనుషులే, వాళ్లకీ పండగుంటుంది. వంతులైతే ఒప్పుకుంటారు. ఆ వంతుల కాగితం లిఫ్ట్ పక్కన అంటించండి.

ఛాతీలో నొప్పిని గ్యాస్ అనుకోవడం పండగ రోజుల్లో మరీ ఎక్కువ. అరిసెలు, గారెలు తిన్నాం కదా, అందుకే అనుకుని సోడా తాగి పడుకుంటారు. ఛాతీ బిగిసినట్టుండి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యో దవడో లాగుతుంటే, షుగర్ ఉన్నవాళ్లకైతే నొప్పి లేకుండా ఉత్త ఆయాసమే వచ్చినా సరే, 108కి చేయాలి. పండగ పూట అందరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆగకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సెలవు రోజు ఓపీ ఉండదు కానీ ఎమర్జెన్సీ ఎప్పుడూ ఉంటుంది. 108 సేవ 2005 ఆగస్టు 15న మన నగరంలోనే మొదలైంది. ఇన్నేళ్ల తరువాత కూడా అంబులెన్స్ వచ్చి కాలనీ గేటు దగ్గర ఆగిపోయే పరిస్థితి ఉంది. పక్క గేటుకి తాళం, తాళంచెవి కార్యదర్శి గారి దగ్గర, కార్యదర్శి గారు రాజమండ్రిలో! ముగ్గుల పోటీ కోసం వీధికి అడ్డంగా షామియానా, కుర్చీలు. ఎంత ముచ్చటగా పోటీ పెట్టుకున్నా సరే, ఒక దారి మాత్రం అంబులెన్స్ పట్టేంత వెడల్పున ఖాళీగా వదలండి. గేట్ల తాళంచెవులు ఊళ్లో ఉండే ఇద్దరి దగ్గర ఉంచండి. ఫోన్ చేసిన వెంటనే మెయిన్ రోడ్డు మలుపు దగ్గరికి ఒకరు వెళ్లి నిలబడాలి. సందుల్లో ఇల్లు వెతకడానికి పోయే ఆ కొద్ది నిమిషాలు చాలా విలువైనవి.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) వాడేవాళ్లుంటే వాళ్ల పేరు జాబితాలో అన్నిటికన్నా పైన ఉండాలి. కరెంటు పోతే అది ఆగిపోతుంది. వాళ్లకి ఇన్వర్టర్ ఉందా, సిలిండర్ ఉందా, లేకపోతే జనరేటర్ లైను ఇవ్వగలమా అన్నది పండక్కి ముందు చూసుకోవాల్సిన పని. ఆ వారం గాలిపటాల దారాలు కరెంటు తీగలకి చుట్టుకోవడం మామూలే. దారం అంటే గుర్తొచ్చింది, సింథటిక్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. అయినా అమ్ముతున్నారు, కొంటున్నాం. అది బండి మీద వెళ్లే డెలివరీ కుర్రాడి మెడ కోస్తుంది. మీ టెర్రస్ మీదికి అది రానివ్వకండి.

రక్తం సంగతి కూడా రెండు మాటల్లో చెబుతాను. సెలవులకి కాలేజీ పిల్లలు ఊళ్లకి వెళ్లగానే రక్తదానాలు తగ్గిపోతాయి. తలసేమియా అనే పుట్టు రక్తజబ్బు ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి రక్తం ఎక్కించాలి, వాళ్ల జబ్బుకి పండగ తెలియదు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. ముగ్గుల పోటీకి వారం ముందు ఒక శిబిరం పెట్టించండి, చాలు.

తిండి విషయానికొస్తాను. సంక్రాంతికి బడి సెలవు అంటే ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనానికీ సెలవే. సైటు పని చేసుకునే తల్లిదండ్రులున్న పిల్లలకి ఆ ఒక్క పూటే గట్టి భోజనం. పండగ రోజుల్లో పని కూడా ఆగుతుంది, కూలీ రాదు. మనింట్లో అరిసెలు డబ్బాలు నింపే వారమే వాళ్లింట్లో చేతిలో డబ్బు ఆడని వారం. నగరంలో 5 రూపాయల భోజన కేంద్రాలు 2014 నుంచీ నడుస్తున్నాయి. మీకు దగ్గరలోది ఏది, పండగ మూడు రోజుల్లో ఏ రోజు తెరుస్తారు అన్నది ముందే అడిగి కనుక్కోండి. మూసే రోజున మనం వండాలి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో వేరే రాష్ట్రం కార్డున్న కూలీలు కూడా ఇక్కడి చౌకధరల దుకాణంలో వాళ్ల కోటా బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామంది కూలీలకి తెలియదు, కొందరు డీలర్లు చెప్పరు. మీ కమిటీలో హిందీ వచ్చిన ఒకరు ఆ షెడ్ల దగ్గరికి వెళ్లి చెబితే అది ఏడాదంతా పనికొచ్చే సాయం.

హాస్టల్ పిల్లలకి మెస్ మూసేస్తారు. చుట్టుపక్కల టిఫిన్ బళ్లు కూడా ఉండవు. బిస్కెట్లు, అరటిపళ్లతో మూడు రోజులు గడిపే పిల్లలు ఉంటారు. మీ కాలనీలో హాస్టల్ ఉంటే దాని వార్డెన్‌ని అడగండి, ఎంతమంది ఉండిపోతున్నారో చెబుతారు. ఇంటికి ఇద్దరిని చొప్పున పంచుకుంటే సరిపోతుంది. ఒక్క విన్నపం. మిగిలినవి పెట్టకండి, కలిపి వండండి. పంచేటప్పుడు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టకండి. చదువుకున్న పిల్లవాడు, ఆత్మాభిమానం ఉన్నవాడు, ఒక అన్నం పొట్లం కోసం కెమెరా ముందు నిలబడాలా? మన ఊళ్లలో హరిదాసు వాకిట్లోకి వస్తే పిల్లలు ఎదురెళ్లి ఆయన తలమీది పాత్రలో బియ్యం పోసేవాళ్లు, ఆయన మోకాలు వంచి అందుకునేవాడు. పెట్టేవాడికీ పుచ్చుకునేవాడికీ అందులో గౌరవం ఉండేది.

వాచ్‌మన్ల గురించి. మనం ఊరెళుతూ వాళ్లకి అప్పగించే పనులు చూడండి. మొక్కలకి నీళ్లు, కారు కవర్, పాల ప్యాకెట్లు ఆపించడం, పైనున్న పెద్దాయన్ని "కాస్త కనిపెట్టి చూడు" అనడం. ఒక మనిషి మీద ఒక బిల్డింగ్ మొత్తం వేస్తాం. పాలమూరులోనో శ్రీకాకుళంలోనో అతనికీ తల్లిదండ్రులుంటారు. సంఘం తరఫున బదిలీ మనిషిని పెట్టి, కనీసం ఏడాది విడిచి ఏడాది అయినా అతన్ని సంక్రాంతికి పంపండి. ఉండిపోయే ఏడు అదనపు జీతం ఇవ్వండి, ఇష్టమైనవాళ్లు చేతిలో పెట్టే మామూలు కాకుండా సంఘం ఖర్చుల పుస్తకంలో రాసి ఇవ్వండి. పెద్దాయన్ని చూసే బాధ్యత అతనిది కాదు, అది కమిటీది.

ఇంతకీ జాబితా ఎలా రాయాలి? వాట్సాప్ గ్రూపులో మాత్రం అడగకండి. ఎవరింట్లో ఒంటరిగా ముసలావిడ ఉందో ఊరందరికీ తెలియడం ప్రమాదం. ఒక నోటు పుస్తకం, ఇద్దరు బాధ్యులు, వాళ్లలో ఒకరు ఆడమనిషి, ఇద్దరూ పండక్కి ఊళ్లోనే ఉండేవాళ్లు. ఇంటింటికీ వెళ్లి అడగాలి. జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయండి, "రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టమంటారా, ఫోన్ చేయమంటారా" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు చాలు. పిల్లల ఫోన్ నంబరు, ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసుకోండి. లోపల గడియ పెట్టుకుని పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వస్తుంది, అందుకని ఆ నాలుగు రోజులూ బయటినుంచి తాళంచెవితో తీయగలిగే తాళమే వేసుకోమని పెద్దవాళ్లకి నచ్చజెప్పండి.

బాధ్యులు దొరకరని అనకండి. మీ కాలనీలో సంక్రాంతికి ఊరెళ్లని ముస్లిం కుటుంబాలు, క్రైస్తవ కుటుంబాలు ఉంటాయి. చాలా సంఘాల్లో వాళ్లని పండగ కమిటీలోకి పిలవరు, ఇది మన పండగ కదా అని. వాళ్లు ఏమీ అనుకోరని మనమే అనుకుంటాం. అడిగి చూడండి. రంజాన్‌కి, క్రిస్మస్‌కి మన వంతు మనం చేద్దాం.

పోలీసులతో కూడా మాట్లాడండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఒంటరిగా ఉండే వృద్ధుల జాబితా ప్రతి స్టేషన్‌లో ఉండాలని, వాళ్లని క్రమం తప్పకుండా వెళ్లి పలకరించాలని ఆ చట్టం కింద కేంద్రం తయారుచేసిన నమూనా నిబంధనల్లోనే ఉంది. తాళం ఇళ్ల వివరాలు ఇచ్చేటప్పుడు, ఆ పెద్దవాళ్లు ఒప్పుకుంటే, ఈ రెండో జాబితా కూడా ఇన్‌స్పెక్టర్ గారి చేతిలో పెట్టండి. పెట్రోలింగ్ బండి ఆ ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగితే చాలు.

లిఫ్ట్ పక్కన అంటించే కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఈ నంబర్లు రాయండి. ప్రాణాపాయానికి 108, పోలీసు, ఫైర్ ఏదైనా 112. వంటగ్యాస్ లీకైతే 1906. కరెంటుకి 1912, జలమండలికి 155313. ఆడవాళ్లకి 181, పిల్లలకి 1098. వయోవృద్ధుల ఎల్డర్‌లైన్ 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకూ పలుకుతుంది. మనసు బాగోనివాళ్లకి టెలిమానస్ 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పండగ పూట ఒంటరితనంతో వచ్చే దిగులుని తేలిగ్గా తీసుకోకండి. చచ్చిపోతే బాగుండనే మాట ఎవరి నోటైనా వింటే, పెద్దతనం చాదస్తం అని కొట్టిపారేయకుండా పక్కన కూర్చోండి, ఆ నంబరు మీరే కలిపి ఇవ్వండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, కళ్లజోడు లేకుండా చదవగలగాలి. కాలనీ ఎలక్ట్రీషియన్, ప్లంబర్, లిఫ్ట్ మెకానిక్‌లలో ఊళ్లో ఉండేదెవరో వాళ్ల నంబర్లు కూడా కింద రాయండి. మధ్యలో ఆగిపోయిన లిఫ్ట్‌లో పెద్దవాళ్లు ఇరుక్కుంటే పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఖర్చు గురించి ఎవరైనా అడుగుతారు. పుస్తకం, జిరాక్సు, వాచ్‌మన్ అదనపు జీతం, కొంచెం బియ్యం, పప్పు. ముగ్గుల పోటీ బహుమతులకి దాతలు ఎలా దొరుకుతున్నారో దీనికీ అలాగే దొరుకుతారు, అడిగేవాళ్లుండాలి అంతే.

మా కాలనీ కమిటీకి ఒక మాట. రాబోయే ఆదివారం మీటింగ్‌లో నాకు పది నిమిషాలు ఇవ్వండి. మా వైపు మూడు వీధుల ఇళ్లకి నేను తిరుగుతాను, బీపీ చూసే మిషన్ నా దగ్గరే ఉంది. మిగతా వీధులకి ఇద్దరు కావాలి. మిగిలిన కాలనీల వాళ్లు మీ మీ కమిటీల్లో ఈ ఉత్తరం చదివి వినిపించండి. జనవరి మొదటి వారం దాటితే చాలామంది టికెట్లు చేతిలో పట్టుకుని హడావిడిలో ఉంటారు, అప్పుడు తలుపు తట్టినా నిలబడి మాట్లాడే తీరిక ఉండదు. అందుకని డిసెంబర్ నెలాఖరుకే పుస్తకం మొదలుపెట్టండి.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక రిటైర్డ్ హెడ్ నర్సు